చతికిలబడిన బండి

తేనెమ్మ మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడతో పాటు ఒక తేనెటీగ కూడా వచ్చింది.

తలుపు తీసింది బావమరిది. ఆ మేడగదిలో అతని పనులు తలుపు తీయడం, టీ తేవడం, బావ చెప్పింది విని ఆశ్చర్యపోవడం. చివరి పనికి జీతం లేదు. అయినా దాన్నే ఎక్కువ ఇష్టంగా చేసేవాడు. వచ్చినావిడ తలగుడ్డ మడతలోంచి ఈగ బయటపడి, గది ఒకసారి చుట్టి, అతని చెవి దగ్గర ఆగింది. అతను కుర్చీ ఎక్కాడు.

"కదలకండి. అది మీకోసం రాలేదు," అంది ఆవిడ. చెయ్యి మెల్లగా చాపింది. ఈగ వచ్చి వేలి మీద వాలింది. దాన్ని కిటికీ దాకా తీసుకెళ్లి, పిల్లను బడికి పంపినట్టు పంపింది. తర్వాత వెనక్కి వచ్చి, తెరిచి ఉన్న తలుపును రెండు చేతులతో పట్టుకుని చప్పుడు కాకుండా దగ్గరికి నొక్కి, కూర్చుంది. కాసేపటికి గాలికి తలుపు మళ్లీ తెరుచుకుంది. బావమరిది కుర్చీ దిగి దాన్ని దబ్బున వేసి వచ్చాడు. ఆవిడ ఉలిక్కిపడింది.

బల్ల వెనక కూర్చున్న మనిషి ఇదంతా చూస్తున్నాడు. ఆయన్ని ఊరంతా తాబేలు అంటారు. ఎదురుగానే అంటారు. ఆయనకు కోపం లేదు. నడక నిదానం, మాట నిదానం, మెడ కాస్త ముందుకు ఉంటుంది. పోయిన వస్తువులు, పోయిన మనుషులు, పోయిన మాటలు వెతికిపెట్టడం ఆయన వృత్తి. బావమరిదికి ఆయన అక్క మొగుడు. అక్క పెళ్లయిన నాటి నుంచీ బావ తెలివిని పొగడటమే అతని పని. మరీ అంత పొగడొద్దురా, ఇంట్లో నేను వేగాలి అని అక్క అప్పుడప్పుడూ మొత్తుకుంటుంది.

"చెప్పండమ్మా," అన్నాడు తాబేలు.

ఆవిడ తలగుడ్డ విప్పి మెలిపెడుతోంది. ఈగ దగ్గర నిలకడగా ఉన్న చేతులే.

"మా అన్నయ్య నన్ను మోసం చేశాడో లేదో మీరు చెప్పాలి. చేశాడంటే బండి తుక్కుకు ఇచ్చేస్తాను. చేయలేదంటే వాడి మొహం ఎలా చూడాలో నాకు తెలీదు. ఏదైనా సరే, తెలియాలి."

తర్వాత సంగతి ఆవిడ ఒక వరసలో చెప్పలేకపోయింది. బావమరిది రెండు టీలు తెచ్చేలోపు బావ దాన్ని చిక్కు తీసి ఇలా పేర్చుకున్నాడు.

వాళ్లది తేనెటీగలు పెంచే ఇల్లు. కింద పూలు అయిపోగానే పెట్టెలన్నీ కొండమీదికి చేర్చాలి. ఆ కొండ ఎక్కగలిగింది వాళ్ల పాత బండి ఒక్కటే, నాలుగు చక్రాలూ లాగే రకం. దానికి వెనక ఇనప స్ప్రింగులుండవు. రెండు రబ్బరు గాలి సంచులుంటాయి. బరువు ఎక్కువైతే కంప్రెసరు ఆ సంచుల్లోకి గాలి కొట్టి, వెనక భాగాన్ని మళ్లీ సమంగా లేపుతుంది. ఆ మెత్తదనం చూసే ఆ బండి కొన్నారు. కుదుపు పడితే పెట్టెల్లోని తేనెపట్టులు విరుగుతాయి, ఈగలు తేనెలో మునుగుతాయి.

సంచులు పాతబడి పగుళ్లిచ్చాయి. తెల్లారేసరికి బండి వెనక చతికిలబడేది. స్టార్టు చేస్తే ఎలాగో లేచేది. మెకానిక్ ఆవిడ సొంత అన్నయ్యే. కొత్త సంచులు వేశానన్నాడు. నాలుగు రోజులు బాగుంది. ఆ తర్వాత మళ్లీ చతికిలబడటం మొదలైంది. ఈసారి మరీ అన్యాయం. స్టార్టు చేసినా లేవదు. అలాగే ఈడ్చుకుంటూ అన్నయ్య షెడ్డుకు తీసుకెళ్తే, వాడి ముందు మంచి పిల్లలా లేచి నిలబడుతుంది. వాడేమో ఏ జబ్బూ లేదంటాడు. ఇంటికొస్తే మళ్లీ మామూలే. రెండు పట్టులు విరిగాయి. పాత సంచులకే నల్లరంగు పూసి వేశావని ఆవిడ అంది. నీకు బండి నడపడం రాదని వాడన్నాడు. మాట మీద మాట పెరిగింది. నా గడప తొక్కొద్దు అని ఆవిడ అనేసింది. అప్పటి నుంచీ వాడు తొక్కలేదు.

"రేపు పొద్దున తుక్కు వ్యాపారి కొక్కెం తీసుకుని వస్తాడు. వారం వారం వచ్చి బండి కిందికి వంగి చూసిపోతూనే ఉన్నాడు," అంది ఆవిడ.

బావమరిది బావ వైపు అర్థవంతంగా చూశాడు. బావ చూడలేదు.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేను, మా మావయ్య. మా ఆయన కొండమీద గుడిసె వేసుకుని పెట్టెల కోసం ఎదురుచూస్తున్నారు."

"పెట్టెలు బండెక్కించేది?"

"మావయ్యే. నన్ను చెయ్యి వెయ్యనివ్వరు. ఈగలు బయటికి రాకముందే ఎక్కించాలి కదా, నేను లేచి వచ్చేసరికి సగం ఎక్కించేసి ఉంటారు. ఆ వయసులో ఆ బలం చూస్తే నాకే సిగ్గేస్తుంది."

"బండి కూర్చునేది ఏ రోజుల్లో?"

ఆవిడ ఆలోచించింది. "పెట్టెలెక్కించిన రోజుల్లోనే."

బావమరిదికి కేసు తేలిపోయింది. బరువుకు కూర్చుంటోంది, సంచులు పాతవే, అన్న దొంగ. కాకపోతే తుక్కువాడు దొంగ. ఇద్దరిలో ఒకణ్ని ఎంచుకోవడమే మిగిలింది.

*

ఇల్లు ఊరి చివర. తోవ పొడుగునా పెట్టెలు, తెల్లరంగు వేసినవి. బావమరిది గేటు తీసి, బావను లోపలికి రానిచ్చి, గేటు వేశాడు. తన ఇంట్లో వేసినట్టే వేశాడు. ఆ చప్పుడుకు పెట్టెల దగ్గర రొద పెరిగింది.

"ఎవరయ్యా అది," అని ఇంట్లోంచి ఒక గొంతు వినిపించింది. అరుపు కాదు, గుసగుసకు కాస్త పైన. పెద్దాయన ఒకాయన బయటికొచ్చి, బావమరిదిని ఆపాదమస్తకం చూశాడు. "బాబూ, ఈ ఇంట్లో చంటిపిల్లలు లక్షల్లో ఉన్నారు. తలుపు అనేది వేసేది కాదు, నొక్కేది. ఈగకు చెవులుండవు, కానీ ఒళ్లంతా వింటుంది."

తేనెమ్మ కూడా మెల్లగా అదే మాట అంది. బావమరిది వెనక్కి వెళ్లి, వేసిన గేటును మళ్లీ తీసి, మళ్లీ మెల్లగా నొక్కి వచ్చాడు. ఆ ఇంట్లో వంటగది తలుపుకు గుడ్డ చుట్టి ఉంది. కుర్చీల కాళ్లకు రబ్బరు ముక్కలున్నాయి. నీళ్ల బిందె కింద కూడా ఒక గోనె మడత.

పెద్దాయన మర్యాదస్తుడు. కొత్తవాళ్లొచ్చారని టోపీ పెట్టుకున్నాడు. బల్ల మీదున్న గడ్డి టోపీని చేత్తో ఎత్తలేదు. ఎద్దు కాడి కింద మెడ పెట్టినట్టు, తనే వంగి టోపీలోకి తల దూర్చి లేచాడు. ఎంత అణకువ అనుకున్నాడు బావమరిది. తాబేలు చూపు ఆ టోపీ మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిచింది.

బండి చింకి చాపలా పెరట్లో పడుంది. ముందు నిటారుగా, వెనక నేలకు ఆనినట్టు. తాబేలు దాని చుట్టూ తిరిగిన తిరుగుడుకు మామూలు మనిషి కొండెక్కి దిగొచ్చేవాడు. వెనక తలుపుకు బయటి నుంచి తాడు కట్టి ఉంది. ఎందుకంటే, దారిలో గడగడమంటుందని తేనెమ్మ చెప్పింది. లోపల పైకప్పుకు ఉన్న లైటుకు బల్బు లేదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా పచ్చగా వెలగాల్సిన చోటంతా నల్ల టేపు అంటించి ఉంది.

"ఇదెవరు అంటించారు?"

"నేనే. చీకట్లో ఈగ వెలుతురు ఎక్కడుంటే అక్కడికే పోతుంది. ఒకసారి నడుపుతుంటే మొహం మీదికొచ్చాయి," అంది తేనెమ్మ.

తాబేలు వెనక చక్రం దగ్గర చతికిలబడ్డాడు, బండికి తోడుగా. అక్కడ మెత్తటి మట్టిలో రెండు గుంటలు పక్కపక్కనే ఉన్నాయి, కొబ్బరిచిప్పలు బోర్లించి తీసినట్టు. పక్కన మడిచిన గోనె. బంపరు చాటున సైకిలు ట్యూబుకు ఉండేలాంటి వాల్వులు రెండు బయటికి చూస్తున్నాయి. కంప్రెసరు చెడిపోతే చేతిపంపుతో గాలి కొట్టుకోవడానికి అన్నయ్యే పెట్టాడని తేనెమ్మ చెప్పింది. కొత్త సంచులు వేసిన రోజే పెట్టాడు. ఎలా వాడాలో పెరట్లో అందరినీ నిలబెట్టి చూపించాడు కూడా. తాబేలు ఒక వాల్వు మూత తీసి, లోపలి సన్నని సూది మీదున్న పసుపుపచ్చని దాన్ని గోటితో గీకి వాసన చూశాడు. మైనం.

"తుక్కువాడు," అన్నాడు బావమరిది ఆయన చెవిలో. "మోకాళ్ల గుర్తులు చూడు బావా. కిందికి దూరి ఏదో చేశాడు."

"మోకాళ్లే," ఒప్పుకున్నాడు తాబేలు. ఆయన సగం మాటే ఒప్పుకున్నాడని బావమరిదికి తర్వాత తెలిసింది.

*

బండిని అలాగే అన్నయ్య షెడ్డుకు తీసుకెళ్లారు. తేనెమ్మ నడిపింది. షెడ్డు ముందు ఆపి, దిగకుండా కూర్చుంది. మేస్త్రి కూడా చెల్లెలి వైపు చూడలేదు. అతను బావమరిదితో మాట్లాడుతూ, చెప్పాల్సినవన్నీ చెల్లెలికి వినపడేలా చెప్పాడు. రంగు పూసేవాణ్నైతే నాలుగు డబ్బులు వెనకేసుకునేవాణ్ని అన్నాడు. ఆవిడ అద్దంలో చూస్తూ, తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవు అని తాబేలుకు చెప్పింది. మధ్యలో నిలబడి బావాబావమరుదులిద్దరూ తపాలా పెట్టెలయ్యారు.

మేస్త్రి తాడు విప్పి, వెనక తలుపు తీసి లోపలంతా చూశాడు. మళ్లీ దబ్బున వేశాడు. షెడ్డు రేకులు అదిరాయి. చెల్లెలి వైపు చూడకుండా కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టార్టు చేశాడు. బండి కింద కంప్రెసరు జుయ్యిమంది. వెనక భాగం మెల్లగా, బద్ధకంగా లేచి సమమైంది.

"చూశారుగా," అన్నాడు బావమరిదితో. "నా దగ్గర లేస్తుంది. ఇంట్లో లేవదట. నేనేమన్నా మంత్రం వేస్తున్నానా?"

తేనెమ్మ స్టీరింగు మీద నుదురు ఆనించుకుంది. అదే ఆవిడను ఎక్కువ భయపెడుతున్నదని బావమరిదికి అప్పుడు అర్థమైంది. బండి అబద్ధం ఆడదు. అన్నయ్య ముందొకలా తన ముందొకలా ఉందంటే, అన్నయ్యే ఏదో చేస్తున్నాడు.

తాబేలు సబ్బునీళ్లు అడిగాడు. మేస్త్రి తెచ్చాడు. బ్రష్షుతో రెండు సంచుల మీద, గొట్టాల కీళ్ల మీద, వాల్వుల దగ్గర పూశారు. గాలి ఎక్కడ కారితే అక్కడ బుడగ లేస్తుంది. ఎంతసేపు చూసినా ఒక్క బుడగా లేవలేదు. సంచుల రబ్బరును తాబేలు వేళ్లతో మడిచి చూశాడు. పగులు లేదు, రంగు చేతికి అంటలేదు. అయినా ఆయన ఒప్పుకోలేదు. చక్రం పైనున్న అంచుకూ చక్రానికీ మధ్య ఎత్తు పుల్లతో కొలిచి, పుల్ల మీద సుద్దతో గీత పెట్టాడు. రెండు వైపులా. ఈ రాత్రికి బండి మా వీధిలో ఉంటుంది అన్నాడు.

తేనెమ్మను దింపి వచ్చే దారిలో తుక్కు వ్యాపారి దొరికాడు. పిట్టగోడ మీద కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. పెద్ద మీసం, చిన్న గొంతు. వారం వారం ఆ బండి కిందికి ఎందుకు దూరుతున్నావని బావమరిది గద్దించి అడిగాడు.

"దూరడమెందుకు బావమరిదీ," అన్నాడు వాడు. బావమరిది వాడికే కాదు, ఊరందరికీ బావమరిదే. "నా పొట్ట చూడు. నేనక్కడ మోకాళ్లూనితే లేపడానికి కొక్కెం కావాలి. నిలబడే వంగి చూస్తాను, ఇనుమెంత దిగుతుందో అని."

"పొద్దున్నే అటు పోతుంటావు కదా. బండి ఎప్పుడు కూర్చుంటుంది?" అన్నాడు తాబేలు.

"నేను పోయేసరికే కూర్చునుంటుంది. ఒక్క పెట్టె ఎక్కకముందే."

"పెట్టెలు ఎక్కకముందే?"

"ఆఁ. వెనక తలుపు బార్లా తెరిచి, ఆవలించినట్టు. పెద్దాయన ఒక్కడే ఉంటాడు పాపం. చూసినప్పుడల్లా చక్రం దగ్గర ఏదో ఒకటి పారేసుకుని వెతుక్కుంటుంటాడు. సాయం రానా అంటే వద్దంటాడు. పెద్దతనం."

తాబేలు వాడికి దండం పెట్టి, రేపు పొద్దున కొక్కెంతో సహా తప్పక రమ్మన్నాడు. వాడు సంతోషించాడు.

తెల్లవారి బావమరిది పుల్ల పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. గీత గీత మీదే ఉంది. వెంట్రుకవాసి కూడా దిగలేదు. అన్న దొంగ కాదు, తుక్కువాడి పొట్టకు మోకాళ్లు ఆనవు. ఎంచుకోవడానికి ఎవరూ మిగలలేదు. అతను ఆ మాటే బావతో అన్నాడు.

"అదే మంచిది. దొంగలు లేని కేసులు రుచిగా ఉంటాయి," అన్నాడు తాబేలు. ఇంకేమీ చెప్పకుండా టీలో చక్కెర కలుపుకున్నాడు.

*

ఎండ వెచ్చబడే వేళకు అందరూ పెరట్లో ఉన్నారు. తేనెమ్మ చేతులు కట్టుకుని, పెద్దాయన టోపీలో, తుక్కు వ్యాపారి కొక్కెం భుజాన వేసుకుని. మేస్త్రి మాత్రం గేటు బయట, గడప రాయికి ఆవల నిలబడ్డాడు. లోపలికి రమ్మని తాబేలు పిలిస్తే, ఇక్కడి నుంచి బాగానే కనిపిస్తోంది అన్నాడు.

బండి సమంగా నిలబడి ఉంది.

"రాత్రంతా ఇది దిగలేదు," అని మొదలుపెట్టాడు తాబేలు. ఆయన మాట్లాడుతుంటే బావమరిది ఊపిరి కూడా తక్కువ తీసుకున్నాడు. "సబ్బునీళ్లలో బుడగ లేదు. సంచులు కొత్తవి, పని మంచిది. కారి దిగే బండైతే ఒక వైపు ముందు వాలుతుంది. ఇది రెండు వైపులా ఒకేలా దిగుతోంది, అదీ పెట్టెలెక్కించే రోజుల్లోనే, పెట్టెలు ఎక్కకముందే. అంటే ఇది కూర్చోవడం లేదమ్మా. దీన్ని కూర్చోబెడుతున్నారు."

ఆయన జేబులోంచి పుల్ల తీసి, చక్రం దగ్గర కూర్చుని, వాల్వు మూత తీసి లోపలి సూదిని దాంతో నొక్కాడు. బుస్సుమంది. రెండో దాన్నీ నొక్కాడు. బండి వెనక భాగం జానెడు దిగి ఆగింది. పెద్దాయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"ఎవరు దించారన్నది తర్వాత. ముందు ఎందుకు లేవడం లేదో చూద్దాం. అమ్మా, ఒక ఖాళీ పెట్టె వెనక పెట్టి, మీరు రోజూ చేసినట్టే చెయ్యండి."

తేనెమ్మ పెట్టె పెట్టింది. వెనక తలుపును రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు నొక్కింది. తాడు కట్టింది. స్టార్టు చేసింది. ఇంజను తిరిగింది. కంప్రెసరు మూగది. బండి చతికిలబడే ఉంది.

"చూశారా," అంది ఆవిడ, కిటికీలోంచి తల బయటికి పెట్టి. గేటు బయట మేస్త్రి తల పట్టుకున్నాడు.

"మీ అన్నయ్య తలుపు వేస్తాడు. మీరు నొక్కుతారు. తేడా అంతే," అన్నాడు తాబేలు. "ఈ బండికి తలుపు తెరిచి ఉంటే కంప్రెసరు పనిచేయదు. మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉండగా లేవకూడదని అలా కట్టారు. తలుపు లాకుకు రెండు పళ్లుంటాయి. ఇదివరకు మెల్లగా నొక్కినా పడేది, ఇప్పుడు లాకు బిగుసుకుని మొదటి పంటి మీదే ఆగుతోంది. చూడ్డానికి పడినట్టే ఉంటుంది, బండి లెక్కలో తెరిచినట్టే. అందుకే దారిలో గడగడ, అందుకే తాడు. తలుపు సరిగ్గా పడకపోతే పైకప్పు లైటు వెలగాలి, బల్బు లేదు. డ్యాష్‌బోర్డు మీద గుర్తు వెలగాలి, టేపు ఉంది. బండి మీకు రోజూ చెబుతూనే ఉందమ్మా. ఈగల కోసం మీరే దాని నోరు నొక్కేశారు."

తేనెమ్మ దిగి వచ్చి తాడు ముడి మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు దబ్బున వెయ్యండి."

ఆవిడ మామగారి వైపు చూసింది. ఆయన పెట్టెల వైపు చూసి, ఒక్కసారికి పరవాలేదన్నట్టు తల ఊపాడు. ఆవిడ తాడు విప్పి, తలుపు బార్లా తీసి, కళ్లు గట్టిగా మూసుకుని, జీవితంలో మొదటిసారి ఒక తలుపును దబ్బున వేసింది. పెట్టెలన్నీ గుయ్యిమన్నాయి. బండి కింద ఏదో జుయ్యిమంది. ఆవు లేచేటప్పుడు ముందు వెనక కాళ్లే లేపుతుంది. బండి అచ్చం అలాగే లేచింది.

తుక్కు వ్యాపారి కొక్కెం భుజం మీంచి దించి కింద పెట్టాడు.

"మరి దించిందెవరు బావా?" అన్నాడు బావమరిది. అడగాల్సిన చోట అడగడం కూడా అతని పనే.

"వాల్వు సూదికి మైనం ఉంది. కాబట్టి ఈ ఇంటి చెయ్యే. చక్రం దగ్గర మోకాళ్ల గుంటలున్నాయి. ఇన్ని రోజులుగా పడ్డ గుంటలు. ఒక పెద్దమనిషి పదేపదే అక్కడే ఏదో పారేసుకుంటున్నాడని ఈ మీసాలాయన చెప్పాడు. ఆ పెద్దమనిషి టోపీని తలకెత్తుకోడు, తలనే టోపీకి దించుకుంటాడు. భుజం పైకి లేవని మనిషి అంత ఎత్తుకు పెట్టెలు ఎలా ఎక్కిస్తాడు? ఎక్కించలేడు. బండే దిగిరావాలి." తాబేలు అక్కడ ఆగాడు. "పాత సంచులు కారిపోయే రోజుల్లో అది తనంతట తనే దిగొచ్చేది. మేస్త్రి వాటిని బాగుచేశాడు. కష్టమంతా ఆ బాగుచేయడంతోనే వచ్చింది."

పెద్దాయన టోపీ తీశాడు. అంటే, వంగి బండి బానెట్టు మీద వదిలాడు.

"నేనేనమ్మా," అన్నాడు కోడలితో. "చలికాలం నుంచీ ఈ చెయ్యి నా మాట వినడం లేదు. చెబితే నన్ను పెట్టెల దగ్గరికి రానివ్వవు. ఈగల దగ్గరికి వెళ్లకపోతే నాకు తెల్లారదు. గాలి తీసినా తలుపేసి స్టార్టు చేస్తే అదే లేస్తుందని మీ అన్నయ్యే చూపించాడు. లేవకపోయేసరికి, కంప్రెసరు పాడు చేశాడేమో అని నేనూ మీ అన్నయ్యనే అనుమానించాను. నువ్వు అతన్ని తిట్టిన రోజు నోటిదాకా వచ్చింది. మింగాను. అది తప్పు."

తేనెమ్మ ఆయన్ని చూస్తూ నిలబడింది. ఏడుస్తుందనుకున్నాడు బావమరిది. నవ్వింది. నవ్వి నవ్వి బండికి ఆనుకుంది.

"మావయ్యా, నా నడుం పోయి రెండేళ్లయింది. ఈ వయసులో మీరు ఎత్తుతుంటే నేను మూలుగుతానా అని నోరు మూసుకుని కొండమీద నేనే దించుతున్నాను."

పెద్దాయన మొహం చూడాల్సిందే. ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు దాచుకున్న నొప్పులు ఇప్పుడు పెరట్లో వరసగా బయటికొచ్చాయి. మీ భుజం కుడిదా ఎడమదా, నీ నడుం వంగితేనా లేస్తేనా అని పోల్చుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు అన్నాడు తుక్కు వ్యాపారి, నాకు మాత్రం ఆ పిడికెడు కూడా దక్కలేదని. పెద్దాయన వాడికి ఒక సీసా తేనె ఇప్పించాడు.

గేటు బయట మేస్త్రి దగ్గాడు. బల్బు లేదని తనూ చూశాడట. వేద్దామనుకుని మరిచిపోయాడట. అది తన పిడికెడు.

తేనెమ్మ నవ్వు ఆపుకుని గేటు దాకా నడిచింది. అన్నాచెల్లెళ్ల మధ్య గడప రాయి ఒక్కటే ఉంది.

"తొక్కొద్దన్నాను. దాటొద్దన్నానా?" అంది ఆవిడ.

మేస్త్రి దాటాడు. ఆవిడ అతని మసి చొక్కా భుజం మీద నుదురు ఆనించింది, నిన్న స్టీరింగు మీద ఆనించినట్టే. ఆ మసి నుదుటికి అంటుకుని సాయంత్రం దాకా ఉంది. ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమంతా పెరట్లో పని నడిచింది. బావమరిది స్పానర్లు అందించాడు. మేస్త్రి లాకు కొక్కీని కాస్త లోపలికి జరిపి, రెండో పన్ను నున్నగా చేసి, గ్రీజు పెట్టాడు. వెనక చక్రం పైన ఒక చిన్న స్విచ్ అమర్చాడు. కిందికి నొక్కితే గాలి వదిలి బండి మోకాళ్ల మీద కూర్చుంటుంది. పైకి నొక్కితే, తలుపు పడగానే లేస్తుంది. ఇక ఎవరూ మట్టిలో మోకాళ్లూనక్కర్లేదు. లైటు మాటేమిటని మేస్త్రి అడిగితే, పెద్దాయన చిరాకు పడ్డాడు. ఎర్ర బల్బు పెట్టవయ్యా, ఈగకు ఎరుపు కనపడదు, ఈ మాట ఇన్నాళ్లూ నన్నెవరు అడిగారు అన్నాడు.

మర్నాడు తెలతెలవారుతుండగా బావాబావమరుదులు కూడా వచ్చారు, చూసిపోదామని. పెద్దాయన స్విచ్ నొక్కాడు. బండి సలాం చేసినట్టు దిగింది. ఆయనొక వైపు, కోడలొక వైపు పట్టి, మోకాలెత్తుకు దిగిన బండిలోకి పెట్టెల్ని జరిపారు. ఇప్పుడు దాచుకునేది లేదు కాబట్టి ఇద్దరూ హాయిగా మూలుగుతూ ఎక్కించారు. ఈగలు పెట్టెల మూతికి పెట్టిన బిరడాల వెనక సన్నగా పాడుతున్నాయి. పైకప్పుకు ఎర్ర లైటు వెలుగుతోంది.

చివరి పెట్టె ఎక్కాక మేస్త్రి స్విచ్ పైకి నొక్కి, తలుపు వేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు వెయ్యి. నీ చేతికి సరిపోయేలా చేశాను."

తేనెమ్మ తలుపు మీద ఒక్క వేలు పెట్టి నొక్కింది. టిక్కుమంది. ఎర్ర లైటు ఆరింది. బండి లేచి నిలబడింది. అన్నాచెల్లెళ్లు ముందు, పెద్దాయన వాళ్ల పక్కన, కొండ తోవ పట్టారు. రాళ్ల మీద ఆ బండి వెనక భాగం, నీళ్ల కడవతో నడిచే మనిషి నడుములా, తొణక్కుండా పోయింది.

మేడగదికి తిరిగొచ్చాక బావమరిది కేసు గురించి అక్కకు ఎలా చెప్పాలో మనసులో పేర్చుకుంటూ, తలుపును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నొక్కాడు. కాసేపటికి అది గాలికి తెరుచుకుంది.

తాబేలు తల ఎత్తలేదు. తేనెమ్మ ఇచ్చిన తేనె సీసా మూత తిప్పుతున్నాడు.

"ఒరేయ్, మొన్న నువ్వు ఆ గేటు దబ్బున వేయకపోతే ఈ కేసు తేలేది కాదు. వెళ్లి నీ పద్ధతిలోనే వేసి రా."

బావమరిది వెళ్లి, ఊరంతా వినేలా వేసొచ్చాడు.